విమానాశ్రయంలో కలుషిత వాన నీటినీ, పారిశ్రామిక వ్యర్థజలాన్నీ ఎలా నిర్వహించాలి?

విమానాశ్రయంలో పర్యావరణ విభాగానికో, సివిల్ నిర్వహణకో కొత్తగా వచ్చిన ఇంజనీరు చేతికి సాధారణంగా రెండు కాగితాలు అందుతాయి. ఒకటి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రం, అంటే మన రెండు రాష్ట్రాల్లోనూ సీఎఫ్‌ఓ అని పిలిచేది. రెండోది కాలువల నక్షా. బయటికి వదిలే నీరు ఎలా ఉండాలో మొదటి కాగితం అంకెలతో సహా చెబుతుంది. ఆ నీరు ఏ దారిన బయటికి పోతుందో రెండోది చెప్పాలి, కానీ చాలాచోట్ల ఆ నక్షా కట్టిన రోజుదే తప్ప ఈ రోజుది కాదు. ఆ రెండు కాగితాల మధ్య చేయవలసిన పనిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. శంషాబాద్, గన్నవరం, విశాఖపట్నం వంటి మన వాతావరణంలో పనిచేసేవారినే దృష్టిలో పెట్టుకున్నాను. చలి దేశాల్లో విమానాల రెక్కలపై మంచు కరిగించడానికి చల్లే గ్లైకాల్ పెద్ద సమస్య. మనకు ఆ బెడద లేదు కనుక దాన్ని పక్కన పెడుతున్నాను.

మన జాలీలో (కాలువ మీద బిగించిన ఇనుప జల్లెడ మూతలో) పడిన నీరు ఎక్కడ తేలుతుందో ముందు మనసులో ఉంచుకోవాలి. శంషాబాద్ పరిసరాలు హిమాయత్‌సాగర్‌కు దగ్గర. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికే 1996లో జీవో 111 వచ్చింది. విశాఖ విమానాశ్రయం మేఘాద్రి గెడ్డను ఆనుకుని ఉంది. గన్నవరం పక్కనుంచి ఏలూరు కాలువ పారుతుంది. ఇవన్నీ మనుషులూ పశువులూ పొలాలూ ఆధారపడిన నీళ్లు. ఏప్రాన్, అంటే విమానాలు నిలిపి ఇంధనం నింపే చోటు, దాని మీద ఒలికిన ఇంధనం ప్రహరీ దాటిందంటే దాని బాధ పడేది మనకు ముఖపరిచయం కూడా లేనివారు.

1. ప్రాంగణంలోని నీళ్లను జాతుల వారీగా రాసుకోండి

రన్‌వే పక్కన గడ్డి నేల మీదా, టెర్మినల్ పైకప్పు మీదా పడే వాన సాధారణంగా శుభ్రమైనదే. రన్‌వే మీద విమానం చక్రాలు తాకే చోట టైర్ల రబ్బరు పొరలా పేరుకుంటుంది. దాన్ని అధిక పీడన నీటితో తొలగించే రాత్రుల్లో ఆ నల్లని నీటిని యంత్రంతోనే పీల్చి తీసుకుపోవాలి, పక్కనున్న గడ్డిలోకి నెట్టకూడదు.

ఏప్రాన్ నీరు రెండో జాతి. ఇక్కడ ఏటీఎఫ్ (విమాన ఇంధనం) చుక్కలు, హైడ్రాలిక్ ఆయిల్, బ్యాగేజీ ట్రాక్టర్ల నుంచి కారిన ఇంజన్ ఆయిల్ వారాల తరబడి కాంక్రీటు మీద ఇంకి ఉండి, వాన పడగానే కదులుతాయి. ఫ్యూయల్ ఫార్మ్‌లో, అంటే ఇంధనం నిల్వ చేసే చోట, ట్యాంకుల చుట్టూ కట్టిన డైకు గోడల లోపల నిలిచే వాన నీరు మూడోది. హ్యాంగర్లు (విమానాలను మరమ్మతు చేసే షెడ్లు), వాహనాల వర్క్‌షాపు, బ్యాటరీ గది, పెయింట్ తీసే బే, కడిగే యార్డు నుంచి వచ్చేది నికరంగా పారిశ్రామిక వ్యర్థజలం. దీనికి ఎండాకాలం, వానాకాలం అనే తేడా ఉండదు. ఇవి కాక ఫ్లైట్ కిచెన్ జిడ్డు నీరు, విమానాల టాయిలెట్ల నుంచి తీసే నీలి ద్రవం, ఫైర్ స్టేషన్ శిక్షణ స్థలంలో మిగిలే నురగ నీరు ఉంటాయి.

ప్రతి జాతికీ ఎదురుగా మూడు విషయాలు రాయండి: ఎక్కడ పుడుతుంది, ఏ పైపులో పోతుంది, దాని బాధ్యత ఎవరిది. మూడో గడి ఖాళీగా మిగిలిన చోటే రేపు సమస్య పుడుతుంది. హ్యాంగర్ అద్దెకు తీసుకున్న సంస్థ జాలీ వరకే తన బాధ్యత అనుకుంటుంది, విమానాశ్రయ నిర్వాహకులు ప్రహరీ దగ్గరి తూము నుంచే తమ బాధ్యత అనుకుంటారు, మధ్యలో ఉన్న మూడు వందల మీటర్ల పైపు ఎవరికీ చెందకుండా ఉండిపోతుంది. అద్దె ఒప్పందంలోనే ఈ హద్దును ఫలానా మ్యాన్‌హోల్ అని నంబరుతో సహా రాయించండి.

2. నక్షాను నమ్మకండి, రంగు పోసి చూడండి

ఎండిన రోజున ప్రతి జాలీలోనూ ఫ్లోరెసిన్ వంటి హానిచేయని రంగు కలిపిన నీటిని పోసి, అది ఎక్కడ తేలుతుందో చూడటమే నక్షాను సరిదిద్దడానికి నమ్మకమైన మార్గం. ముందుగా రన్‌వే, ఏప్రాన్ వైపు పనులు చూసే ఎయిర్‌సైడ్ ఆపరేషన్స్‌కూ, ఫైర్ స్టేషన్‌కూ చెప్పండి. లేకపోతే కాలువలో మెరిసే ఆకుపచ్చ నీటిని చూసి ఎవరో ఒకరు అత్యవసర హెచ్చరిక మోగిస్తారు. జాలీలు తెరిచినప్పుడు బోల్టులనూ పనిముట్లనూ లెక్కపెట్టి, మూసేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. ఏప్రాన్ మీద మిగిలిన ఒక్క బోల్టు విమానం ఇంజన్‌లోకి చేరవచ్చు.

నేను పనిచేసిన ఒకచోట వాహనాలు కడిగే యార్డును వెడల్పు చేశారు. కొత్త జాలీ నుంచి నీరు శుద్ధి కేంద్రం సంపులోకి వెళ్తున్నదని నక్షాలోనూ, పని పూర్తయినట్లు ఇచ్చిన పత్రంలోనూ ఉంది. ఒక బకెట్ రంగు నీళ్లు పోసి సంపు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డాం. నీరు తెల్లగానే ఉంది. ఇంతలో ప్రహరీ అవతల తూము దగ్గర ఊరికే నిలబెట్టిన కుర్రాడు వాకీటాకీలో, 'సార్, ఇక్కడ పచ్చగా వస్తోంది' అన్నాడు. కాంట్రాక్టరు మనుషులు దగ్గరగా కనిపించిన పైపుకు కలిపేశారు, అది వాన నీటి పైపు. అప్పటికి పదకొండు నెలలుగా ఆ యార్డులో కడిగిన ప్రతి ట్రాక్టరు సబ్బు నీరూ, నూనే చెరువు దారి పట్టాయి. అందుకే ఎక్కడ తవ్వినా, ఎక్కడ కొత్త జాలీ పెట్టినా, రంగు పరీక్ష అయ్యాకే బిల్లు మంజూరు చేయాలన్న నియమం పెట్టుకోవడం అవసరమని గట్టిగా చెబుతున్నాను.

పరీక్ష పూర్తయ్యాక జాలీల అంచులకు రంగులు వేయించండి: వాన కాలువకు వెళ్లేవాటికి ఒక రంగు, శుద్ధి కేంద్రానికి వెళ్లేవాటికి మరొకటి. రాత్రి షిఫ్టులో బకెట్ కుమ్మరించే మనిషికి మీ నక్షా కనిపించదు, ఆ రంగు మాత్రం కనిపిస్తుంది.

3. ఒలికినదాన్ని నీటితో కడగనివ్వకండి

పెద్ద విమానానికి హైడ్రెంట్ (నేల కింది ఇంధన పైపు) ద్వారా ఇంధనం నింపేటప్పుడు నిమిషానికి వెయ్యి లీటర్లకు పైగా ప్రవహించవచ్చు. గొట్టం వదులైతే రెండు నిమిషాల ఆలస్యం రెండు వేల లీటర్లకు సమానం. కనుక ఇంధనం నింపే సిబ్బంది చేతిలో పట్టుకుని ఉండవలసిన, వదిలితే ప్రవాహం ఆగిపోయే డెడ్‌మ్యాన్ స్విచ్‌ను రబ్బరు బ్యాండుతోనో తాడుతోనో బిగించి ఉంచిన సందర్భం ఎక్కడ కనిపించినా, ఆ క్షణమే పని ఆపించండి.

ఒలికిన వెంటనే చేయవలసిన పనుల వరుస ఇది. ప్రవాహం ఆపాలి, నిప్పు పుట్టించే వాహనాలనూ పరికరాలనూ కదలకుండా నిలిపివేయాలి, ఫైర్ సిబ్బందికి తెలపాలి, దిగువనున్న జాలీని మ్యాటుతో కప్పాలి, ఆపై పీల్చే ప్యాడ్లు వేయాలి. జాలీ మూసే మ్యాటు స్టోర్ గదిలో కాక విమానాలు నిలిపే ప్రతి రెండు మూడు స్టాండ్లకూ ఒకచోట, తాళం లేని పెట్టెలో ఉండాలి. ఒలికిన ఇంధనాన్ని నీటి గొట్టంతో కొట్టి కాలువలోకి తోసే పాత అలవాటు కొన్నిచోట్ల ఇంకా పోలేదు. దానివల్ల కాంక్రీటు శుభ్రమైనట్లు కనబడుతుంది గాని, మండే ఆవిరి మూసి ఉన్న కాలువలో చేరుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కావడంతో అక్కడే నిలిచి ఉంటుంది. వాడిన ప్యాడ్లు చెత్తబుట్టలో వేయవలసినవి కావు, ప్రమాదకర వ్యర్థాల డ్రమ్ములో పడాలి.

ఫ్యూయల్ ఫార్మ్ డైకు విషయంలో ఒక్క నియమం చాలు. డైకు వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి. వాన వెలిశాక ఒక మనిషి వెళ్లి, నీటి మీద పొర లేదని కళ్లతో చూసి, తెరిచి, నీరు పోయేదాకా అక్కడే ఉండి, మళ్లీ మూయాలి. తెరిచి ఉంచిన డైకు వాల్వు అంటే డైకు లేనట్లే.

4. తొలి వానను పట్టి ఉంచండి

రైతు తొలకరి కోసం ఎదురుచూస్తాడు. ఏప్రాన్ కాలువలకు మాత్రం ఏడాది మొత్తంలో అన్నిటికన్నా మురికిగా ఉండేది ఆ తొలకరి నీరే. ఎండాకాలమంతా పేరుకున్న నూనె, రబ్బరు పొడి, బ్రేకుల మసి మొదటి పది పదిహేను నిమిషాల్లోనే కొట్టుకొస్తాయి. తరువాత వచ్చే నీరు చాలావరకు తేలికపడుతుంది. కాబట్టి వాన మొత్తాన్ని శుద్ధి చేయాలనుకోకుండా, మొదటి భాగాన్ని పట్టి ఉంచి, మిగతాదాన్ని నూనె వేరుచేసే ట్యాంకు గుండా వదలడం ఆచరణలో నిలిచే పద్ధతి.

లెక్క ఇలా వేయండి. ఏప్రాన్ విస్తీర్ణం 5 హెక్టార్లు, అంటే 50,000 చదరపు మీటర్లు అనుకుందాం. మొదటి 10 మిల్లీమీటర్ల వానను పట్టాలంటే 500 ఘనపు మీటర్ల, అంటే 5 లక్షల లీటర్ల తొట్టి కావాలి. నీరు ఏ వేగంతో వస్తుందో తెలియడానికి, కాంక్రీటుకు 0.9 గుణకం తీసుకుని, దాన్ని గంటకు మిల్లీమీటర్లలో వాన తీవ్రతతోనూ, హెక్టార్లలో విస్తీర్ణంతోనూ గుణించి 360తో భాగించాలి. గంటకు 60 మిల్లీమీటర్ల వానకు ఇది సెకనుకు 0.75 ఘనపు మీటర్లు అవుతుంది. మీ గేటూ, పైపూ ఆ ప్రవాహాన్ని తట్టుకోవాలి.

మొత్తం పట్టుకోలేమా అని అడిగేవారికి హైదరాబాద్ అనుభవమే జవాబు. 2000 ఆగస్టు 24న నగరంలో 24 గంటల్లో 241.5 మిల్లీమీటర్ల వాన కురిసింది. అదే 5 హెక్టార్ల ఏప్రాన్ మీద అటువంటి వాన పడితే 12,000 ఘనపు మీటర్లు దాటుతుంది. అంత తొట్టి ఎవరూ కట్టలేరు. అయితే తొట్టి పరిమాణం నిర్ణయించేటప్పుడు తొలి వానతో పాటు, ఒక బౌజర్‌లో (ఇంధన ట్యాంకరులో) పట్టే ఇంధనం మొత్తాన్నీ, దాన్ని అదుపు చేయడానికి ఫైర్ సిబ్బంది వాడే నీటినీ నురగనూ కూడా కలుపుకోండి. ప్రమాదం జరిగే రాత్రే వాన కూడా పడవచ్చు.

తొట్టిని వీలైతే పైకప్పుతో కట్టండి. తెరిచి ఉన్న నీరు కొంగలనూ, వాటి వెంట ఇతర పక్షులనూ పిలుస్తుంది, రన్‌వే దగ్గర పక్షులు విమానానికి నేరుగా ముప్పు. తెరిచిన చెరువు తప్పనిసరి అయితే వాన వెలిసిన 48 గంటల్లో ఎండిపోయేలా రూపొందించాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ సూచిస్తుంది. ఒడ్లు నిటారుగా ఉండటం, గడ్డి, తుంగ పెరగనివ్వకపోవడం కూడా ముఖ్యం.

5. నూనె వేరుచేసే ట్యాంకు: ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎందుకు విఫలమవుతుందో తెలుస్తుంది

ఆయిల్ సెపరేటర్ మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే విమానాశ్రయాల్లో ఎక్కువగా నమ్మేదీ, తక్కువగా అర్థం చేసుకునేదీ ఇదే. ఏటీఎఫ్ నీటికన్నా తేలిక, కాబట్టి పైకి తేలుతుంది. ఎంత వేగంగా తేలుతుందన్నది చుక్క పరిమాణం మీద ఆధారపడుతుంది, అదీ వర్గాల లెక్కలో: చుక్క సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. మన ఉష్ణోగ్రతలో 150 మైక్రాన్ల చుక్క ఒక మీటరు పైకి రావడానికి సుమారు 6 నిమిషాలు పడుతుంది. 60 మైక్రాన్ల చుక్కకు 38 నిమిషాలు, 20 మైక్రాన్లదానికి ఆరు గంటలకు కాస్త తక్కువ. సెపరేటర్‌లో నీరు అన్ని గంటలు నిలవదు.

అందుకే లోపల ఏటవాలు పలకలు పెడతారు. రెండు పలకల మధ్య సందు 2 సెంటీమీటర్లయితే 60 మైక్రాన్ల చుక్క ముప్పావు నిమిషంలో పై పలకను తాకి, అక్కడ మరో చుక్కతో కలిసి పెద్దదై తేలిపోతుంది. ఇంత సులువైన యంత్రాన్ని మనం మూడు రకాలుగా పాడుచేస్తాం.

మొదటిది, సెపరేటర్‌కు ముందు సాధారణ సెంట్రిఫ్యూగల్ పంపు పెట్టడం. దాని రెక్కలు నూనెను చిలికి సన్నని చుక్కలు చేస్తాయి. నీరు వాలు మీద దానంతటది వచ్చేలా కట్టండి. పంపు తప్పదనుకుంటే సెపరేటర్ తరువాత పెట్టండి. రెండోది, సబ్బు నీటిని పంపడం. డిటర్జెంటు కలిసిన నూనె పాలలా తెల్లబడి, చుక్కలు కొన్ని మైక్రాన్లకు చేరుతాయి. అది వేరుపడదు సరికదా, అంతకుముందే వేరుపడి ఉన్న నూనెను కూడా వెంట తీసుకుపోతుంది. హ్యాంగర్ నీటిని సెపరేటర్‌కు కలపవద్దని చెప్పేది ఇందుకే. మూడోది మన ఎండలకు ప్రత్యేకమైనది. ఏప్రిల్, మే నెలల్లో సెపరేటర్‌లో నీరు ఆవిరై, మట్టం, పైన తేలే నూనెను ఆపే అడ్డుపలక అంచు కిందికి దిగిపోతుంది. తరువాత పడిన మొదటి వాన నూనెను ఆ పలక కింద నుంచే బయటికి తోసేస్తుంది. రోహిణి కార్తెలో ఒకసారి మూతలు తెరిచి, మట్టం చూసి, శుభ్రమైన నీటితో నింపడం పది నిమిషాల పని.

చాలా సెపరేటర్లలో బయటికి పోయే ద్వారం దగ్గర ఒక ఫ్లోట్ ఉంటుంది. అది నీటిలో తేలుతుంది, నూనెలో మునుగుతుంది. నూనె పొర మితిమీరితే మునిగి ద్వారాన్ని మూసేస్తుంది. ట్యాంకు ఖాళీ చేసి శుభ్రం చేసిన తరువాత నీరు నింపకుండా వదిలితే ఆ ఫ్లోట్ అడుగున కూర్చుని ద్వారం మూసుకుపోతుంది. వాన పడితే ఏప్రాన్ మునుగుతుంది, ఎవరో విసిగి ఫ్లోట్‌నే ఊడదీస్తారు. ఊడదీసిన ఫ్లోట్లు మూలన పడి ఉండగా నేను చూశాను. శుభ్రం చేసినవారితోనే నీరు నింపించి, ఫ్లోట్ పైకి లేచిందని చూసి సంతకం చేయించుకోండి.

నూనె పొర మందాన్ని కొలవడానికి గేజ్ కర్రకు నీటిని గుర్తించే పేస్టు రాసి నిటారుగా దించండి. నీరు తగిలినంత మేర పేస్టు రంగు మారుతుంది, మారని తడి భాగమే నూనె. అడుగున బురద ఎంత ఉందో కూడా అదే కర్రతో తెలుస్తుంది. తీసిన నూనెను గుర్తింపు పొందిన రీసైక్లర్‌కు మాత్రమే ఇవ్వాలి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం సాధారణంగా 90 రోజులకు మించి ప్రాంగణంలో నిల్వ ఉంచరాదు. పంపిన ప్రతిసారీ ఫారం 10 మ్యానిఫెస్ట్ (రవాణా పత్రం) ఉండాలి.

బయటికి పోయే చోట నీటి మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే భయపడాలా అని చాలామంది అడుగుతారు. ఆ రంగులు పొర మందం సుమారు 0.3 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉన్నప్పుడు కనిపిస్తాయి. వెయ్యి చదరపు మీటర్ల చెరువు ముక్క అలా మెరిసిందంటే అక్కడ ఉన్నది సుమారు మూడో వంతు లీటరు నుంచి 5 లీటర్ల నూనె. పరిమాణం చిన్నదే కావచ్చు, కానీ సెపరేటర్ దాటి ఏదో వస్తోందనడానికి అది తొలి సాక్ష్యం. పైకి నడుచుకుంటూ వెళ్లి మూలం వెతకండి.

6. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపకండి

సెపరేటర్, సంపు, మూసిన కాలువ ఏదైనా సరే, శుభ్రం చేయడానికి పీల్చే యంత్రాన్నే వాడండి. తగిన రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ మనుషులను దింపి పనిచేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మరమ్మతు కోసం దిగడం తప్పదనిపించినప్పుడు, అనుమతి పత్రం, బలవంతపు గాలి, హార్నెస్, పైన కాపలా మనిషి ఉండాలి. గ్యాస్ మీటరులో ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకుండా, మండే ఆవిరి పేలుడు కనిష్ఠ హద్దులో పదో వంతుకు మించకుండా ఉండాలి. ఒక మనిషి లోపల స్పృహ తప్పితే రక్షించడానికి దూకినవాడే రెండో శవమవుతున్నాడు. మన పేపర్లలో ఏటా ఇవే వార్తలు. ఈ ఒక్క విషయంలో ఎవరి తొందరకూ లొంగకండి.

7. హ్యాంగర్, వర్క్‌షాపు నీటి శుద్ధి

ఈ నీరు ఒకే తీరుగా రాదు. రాత్రి విమానం కడిగినప్పుడు ఒక్కసారిగా వస్తుంది, పగలంతా చుక్క ఉండదు. కాబట్టి ముందు అన్నిటినీ ఒకచోట కలిపి నిలిపే ఈక్వలైజేషన్ ట్యాంకు ఉండాలి, కనీసం ఒక రోజు నీరు పట్టేలా. తరువాత పాలలా ఉన్న నూనె నీటిని విడగొట్టాలి. పటిక ఎంత వేయాలో పుస్తకంలో చూసి వేయకండి. ఆరు బీకర్లలో ఒక్కో లీటరు నీరు తీసుకుని, పటిక మోతాదు ఒక్కో దాంట్లో పెంచుతూ, మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా కలిపి అరగంట వదిలేయండి. ఏ బీకర్‌లో తక్కువ పటికతో అడుగునో పైనో గడ్డకట్టి మధ్యలో తేటనీరు కనిపిస్తుందో అదే ఆ రోజు మోతాదు. కడగడానికి వాడే సబ్బు కంపెనీ మారితే ఈ పరీక్ష మళ్లీ చేయాలి. గాలి బుడగలతో గడ్డలను పైకి తేల్చే డీఏఎఫ్ యూనిట్ ఉంటే విమాన హ్యాంగర్ నీటికి బాగా పనికొస్తుంది.

పెయింట్ తీసే బే నీటిని మాత్రం వీటితో కలపకండి. విమానాల అడుగుపూతలో వాడే క్రోమేట్ వల్ల అందులో ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది. అది క్యాన్సర్ కారకం. దాన్ని విడి ట్యాంకులో శుద్ధి చేయాలి. ముందు ఆమ్లం వేసి పీహెచ్‌ను 2, 3 మధ్యకు తేవాలి. సోడియం మెటాబైసల్ఫైట్ కలుపుతూ పోతే పసుపు, నారింజ మధ్య ఉన్న నీరు మెల్లగా ఆకుపచ్చకు తిరుగుతుంది. మూడు వేలెన్సీకి మారిందనడానికి అది సూచన. ఈ దశలో ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక గాలి బాగా ఆడేచోట చేయాలి. కంటి అంచనాతో ఆగకుండా డైఫీనైల్ కార్బజైడ్ చుక్కలతో పరీక్షించండి. ఊదా రంగు వస్తే పని ఇంకా పూర్తికాలేదు. ఆ తరువాత సున్నం వేసి పీహెచ్‌ను 8.5 దగ్గరికి పెంచితే ఆకుపచ్చని ముద్దగా అడుగుకు దిగుతుంది. ఆ ముద్దను ఫిల్టర్ ప్రెస్‌లో ఒత్తి, దుండిగల్, పరవాడ వంటి చోట్ల ఉన్న ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ కేంద్రానికి పంపాలి. లోహపు పూతల విభాగంలో సయనైడ్ వాడుతుంటే ఆ నీటి దరిదాపులకు ఆమ్లాన్ని రానివ్వకండి, పుట్టే వాయువు ప్రాణాంతకం.

పెయింట్ రిమూవర్లలోని ఫీనాల్, క్లోరిన్ ద్రావకాలు జీవశుద్ధి ట్యాంకులోని బ్యాక్టీరియాను చంపుతాయి. ఒక్క డ్రమ్ము చాలు, మీ ప్లాంటు కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు. విమానాల టాయిలెట్ ద్రవం ఇక్కడికి రాకుండా, ముక్కలు చేసే యంత్రం గుండా మురుగు శుద్ధి కేంద్రానికే, కొద్దికొద్దిగా వెళ్లాలి. అందులోని క్రిమిసంహారకం కూడా ఒక్కసారిగా పడితే అదే నష్టం చేస్తుంది. ఫ్లైట్ కిచెన్‌కు జిడ్డు తొట్టి ఉంటే చాలు, దాన్ని వారం వారం తీయించడమే కష్టం.

8. ఫైర్ నురగ నీటిని వేరే శత్రువుగా చూడండి

ఇంధన మంటలను ఆర్పే పాత నురగ ద్రావణాల్లో ఫ్లోరిన్ రసాయనాలు ఉంటాయి. వాటిలో పీఎఫ్‌ఓఎస్‌ను 2009లో, పీఎఫ్‌ఓఏను 2019లో, ఎంతకాలానికీ నశించని కాలుష్య రసాయనాలను అరికట్టే స్టాక్‌హోం అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో చేర్చారు. కార్బన్, ఫ్లోరిన్ బంధాన్ని ఏ బ్యాక్టీరియా ప్లాంటూ విడగొట్టలేదు. మీ శుద్ధి కేంద్రం వాటిని లోపలికి తీసుకుని అలాగే బయటికి వదులుతుంది. స్వీడన్‌లో రొన్నెబీ దగ్గర వైమానిక స్థావరంలో వాడిన నురగ భూగర్భ జలంలో చేరి, 2013లో అక్కడి ఊరి నీటి సరఫరా కేంద్రాన్నే మూసివేయవలసి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఆ నీరు తాగినవారి రక్తంలో అది తేలింది.

కాబట్టి మొదట మీ ఫైర్ స్టేషన్ స్టోర్‌లో ఉన్న ప్రతి డ్రమ్ము రసాయన వివరాల పత్రాన్ని చదవండి. శిక్షణకు నీటినో, ఫ్లోరిన్ లేని నురగనో వాడమని ఫైర్ అధికారితో మాట్లాడండి. ఫైర్ వాహనాల నురగ మోతాదు పరీక్ష గడ్డిలోకి వదలకుండా ట్యాంకులోకి పట్టేలా జరగాలి. శిక్షణ స్థలం నేల నీరు ఇంకనిది కావాలి, దాని తొట్టికి వాన కాలువతో సంబంధం ఉండకూడదు. ఫ్లోరిన్ లేని నురగకు మారేటప్పుడు వాహనం ట్యాంకునూ పైపులనూ కడిగిన నీరు కూడా ఇదే కోవలోకి వస్తుందని మరవకండి. నిజంగా ప్రమాదం జరిగితే ప్రాణాలే ముందు, నురగ ఎంత కావాలంటే అంత వాడాలి. ఆ సమయంలో మీ పని దిగువ గేటు, అంటే కాలువ నీరు ప్రాంగణం దాటే చోటి గేటు, మూయించడం.

9. నమూనా సరిగా తీయకపోతే అంకె అబద్ధం చెబుతుంది

పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లోని సాధారణ ప్రమాణాల ప్రకారం చెరువు, వాగు వంటి ఉపరితల జలాల్లోకి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములకు, బీఓడీ (నీటిలోని మలినాన్ని బ్యాక్టీరియా విడగొట్టడానికి పట్టే ఆక్సిజన్) 30కి, సీఓడీ (రసాయనంతో విడగొట్టడానికి పట్టే ఆక్సిజన్) 250కి, నీటిలో కరగకుండా తేలియాడే ఘనపదార్థాలు 100కి, ఆరు వేలెన్సీ క్రోమియం 0.1కి మించరాదు, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. మీ అనుమతి పత్రంలో అంతకన్నా కఠినమైన అంకె ఉంటే అదే వర్తిస్తుంది. మంచి నీరు కలిపి అంకెను తగ్గించడం శుద్ధి కాదు, చెరువులో చేరే నూనె అంతే ఉంటుంది.

నూనె పరీక్షకు వెడల్పు మూతి గాజు సీసా వాడండి. ప్లాస్టిక్ గోడలకు నూనె అంటుకుని అంకె తగ్గుతుంది. సీసాను ఆ నీటితోనే తొలిపి పారబోయకూడదు, అదే కారణం. నేరుగా ఒక్కసారే పట్టి, ఆమ్లం వేసి పీహెచ్‌ను 2 కన్నా దించి, ఐసు పెట్టెలో ప్రయోగశాలకు పంపండి. వాన నీటి నమూనా వాన మొదలైన మొదటి అరగంటలో తీయాలి. మరుసటి రోజు ఉదయం పది గంటలకు తీసిన నమూనా ఎప్పుడూ బాగానే ఉంటుంది, దాని వల్ల మీకు తెలిసేదేమీ ఉండదు.

10. మృగశిరకు ముందు, వాన రాత్రి

మే చివరి వారంలో కాలువల పూడిక తీయించి, సెపరేటర్లు నింపి, పంపులు నడిపి చూడండి. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాన్లకు ముందు ఇదంతా మరోసారి చేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా దిగువ గేటును చేత్తో మూసి చూడండి. ఏడాదిగా కదలని చక్రం తుప్పుతో బిగిసి ఉంటుంది. పూర్తిగా మూయడానికి ఎన్ని చుట్లు తిప్పాలో, ఎన్ని నిమిషాలు పడుతుందో కొలిచి ఆ గేటు మీదే పెయింటుతో రాయించండి. మోటారు గేటు ఉన్నా చేతి చక్రం ఉండాలి, గాలివానలో ముందుగా పోయేది కరెంటే. ఏప్రాన్ నుంచి ఇంధనం ఆ గేటును చేరడానికి పట్టే సమయం మీ రంగు పరీక్షలో తెలిసే ఉంటుంది. మూసే సమయం దానికన్నా ఎక్కువయితే గేటునో, దాని తాళంచెవి ఉండే చోటునో, కాపలా మనిషినో మార్చాలి.

ఏ రాత్రి షిఫ్టులో గేటు మూసే అధికారం ఎవరికి ఉందో పేరుతో రాసి ఉంచండి. ఆ మనిషి పై అధికారికి ఫోను చేసి అడిగే పని లేకుండా మూయగలగాలి. అనవసరంగా మూసినందుకు ఎవరూ మాట అనకూడదు. తెరవడానికి మాత్రం పర్యావరణ విభాగం అనుమతి కావాలి. వాన వెలిశాక తొట్టి నీటిని చూసి, అవసరమైతే నమూనా తీసి, పైపొర లేదని తేలాక గేటు తెరవండి. తెరిచిన సమయం, తెరిచినవారి పేరు, అప్పటి నీటి మట్టం రిజిస్టరులో రాసిన తరువాతే తాళంచెవిని తిరిగి పెట్టెలో పెట్టండి.